నాలుగు పౌండ్లతో మొదలుపెట్టిన మోరిస్

(పాలిటెక్నిక్ ఆటోమొబైల్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, మాస్టార్లకు, విద్యార్థులందరికీ నమస్కారం.

మీ మాస్టారు ఫోన్ చేసినప్పుడు హెన్రీ ఫోర్డ్ గురించి మాట్లాడమన్నారు. ఫోర్డ్ సంగతి మీ పుస్తకాల్లోనే ఉంది, ఎటూ చదువుతారు. ఇంకొకాయన గురించి చెప్తానండీ అని అడిగి ఒప్పించుకున్నాను. ఆయన పేరు విలియం మోరిస్. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ ఊరివాడు. కార్ల్ బెంజ్‌లాగా కొత్త బండి కనిపెట్టినవాడు కాదు. కాలేజీ గడప తొక్కినవాడు కాదు. పదిహేనేళ్లకే బడి మానేసి సైకిళ్లు బాగుచేసుకున్నవాడు. అలాంటి మనిషి కంపెనీ 1925 నాటికి బ్రిటన్‌లో అందరికన్నా ఎక్కువ కార్లు తయారుచేసింది. ఏం తెలిసి చేశాడు, ఎక్కడ తడబడ్డాడు అన్నది చెప్తాను. రెండూ చెప్పాలి. ఎందుకంటే ఆయన్ని పైకి తెచ్చిన గుణమే తర్వాత ఆయన కంపెనీని వెనక్కి లాగిందని నా అభిప్రాయం.

మోరిస్ 1877 అక్టోబరు 10న వూస్టర్ అనే ఊళ్లో పుట్టాడు. మూడేళ్లప్పుడు ఇంటిల్లిపాదీ ఆక్స్‌ఫర్డ్ దగ్గరికి వచ్చేశారు. తండ్రి ఫ్రెడరిక్ తన మామగారి పొలం పనులు చూసుకునేవాడు. ఏడుగురు పిల్లల్లో విలియం పెద్దవాడు. డాక్టరు కావాలని, అందులోనూ సర్జన్ కావాలని ఉండేదట. తండ్రికి ఆస్తమా ముదిరి పని చెయ్యలేని పరిస్థితి వచ్చింది. ఇంక చదువు ఎక్కడిది? ఒక సైకిల్ షాపులో పనికి కుదిరాడు. తొమ్మిది నెలలు చేశాక కాస్త జీతం పెంచమని అడిగితే యజమాని కుదరదన్నాడు. పదహారేళ్ల కుర్రాడు. పని మానేసి వచ్చి, జేమ్స్ స్ట్రీట్‌లో అమ్మానాన్నల ఇంట్లోనే సైకిల్ రిపేర్లు మొదలుపెట్టాడు. చేతిలో ఉన్న పెట్టుబడి 4 పౌండ్లు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఆ రోజుల్లో ఇంగ్లండులో సైకిల్ వ్యాపారం ఎలా నడిచేదో తెలిస్తేగానీ మోరిస్ మనకు అర్థం కాడు. సైకిల్ మొత్తాన్ని ఒకే చోట తయారుచేసేవాళ్లు తక్కువ. బర్మింగ్‌హామ్, కోవెంట్రీ చుట్టుపక్కల ఒకడు గొట్టాలు చేస్తాడు, ఒకడు హబ్బులు, ఒకడు చెయిన్లు, ఒకడు సీట్లు. ఊళ్లో ఉన్న చిన్న మెకానిక్కు ఆ సామాను తెప్పించుకుని, ఫ్రేము బ్రేజింగ్ చేసి, చక్రం స్పోకులు బిగించి, బెండు తీసి, రంగేసి, తన పేరు అంటించి అమ్ముకోవచ్చు. మోరిస్ కూడా అదే చేశాడు. ఆయన చేతి తొలి సైకిళ్లలో ఒకటి పక్క పేట చర్చి గురువుగారిది. ఆయన బాగా పొడగరి, మామూలు సైకిలు సరిపోదు. అందుకని 27 అంగుళాల ఫ్రేము కట్టిచ్చాడు. ఆ పొడుగాటి సైకిలు వీధుల్లో తిరుగుతుంటే ఇంకేం ప్రచారం కావాలి? తనూ పోటీల్లో తొక్కేవాడు, చుట్టుపక్కల జిల్లాలకు చాంపియన్ అయ్యాడు. హై స్ట్రీట్‌లో షాపు తీసుకున్నాడు. లాంగ్‌వాల్ స్ట్రీట్‌లో షెడ్డు తీసుకున్నాడు. మోటారు సైకిల్ కూడా కట్టాడు.

ఇక 1904. ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి, తర్వాతి కథంతా దీని మీదే నడుస్తుంది. అంతకు ముందు ఏడాది డబ్బున్న ఒక కాలేజీ విద్యార్థి, ఊళ్లో ఒక వ్యాపారి కలిసి, మోరిస్‌ని కలుపుకుని కార్లు, సైకిళ్ల ఏజెన్సీ పెట్టారు. పని తెలిసినవాడు మోరిస్. ఖర్చు మాత్రం ఆయన చేతిలో లేదు. ఏడాది తిరిగేలోపు దివాలా తీశారు. సామాన్లు వేలం వేశారు. అందులో మోరిస్ పనిముట్లు కూడా ఉన్నాయి. తన పనిముట్లను తనే వేలంలో పాడి కొనుక్కోవాల్సి వచ్చింది. అందుకోసం బ్యాంకులో 50 పౌండ్లు అప్పు చేశాడు. ఆ ఏడాదే ఎలిజబెత్‌తో పెళ్లయింది. కొత్త కాపురం, నెత్తి మీద అప్పు. ఇక జన్మలో పొత్తు వ్యాపారం చెయ్యనని ఆయన అప్పుడే నిశ్చయించుకున్నాడు. చేతులు కాలినవాడి పట్టుదల అది, చచ్చేదాకా వదల్లేదు.

మళ్లీ లాంగ్‌వాల్ షెడ్డు నుంచే మొదలు. ఆక్స్‌ఫర్డ్ అంటే డబ్బున్న కుటుంబాల పిల్లలు చదువుకునే ఊరు. వాళ్లకు కార్లుంటాయి, ఆ కార్లు చెడిపోతాయి. మోరిస్ కార్లు బాగుచేశాడు, అద్దెకు తిప్పాడు, డ్రైవింగ్ నేర్పాడు, పలు కంపెనీల కార్లకు ఏజెన్సీ తీసుకున్నాడు. ఏ కారులో ఏ భాగం ముందు పాడవుతుంది, ఏ భాగానికి అనవసరంగా ఖర్చు పెట్టారు, కొన్నవాడు ఏ విషయంలో తిట్టుకుంటున్నాడు అన్నది రోజూ చేత్తో ముట్టుకుని తెలుసుకున్నాడు. మీరు వర్క్‌షాపులో ఉన్నప్పుడు ఒళ్లంతా గ్రీజు అయిందని విసుక్కుంటారు చూడండి, ఆ మనిషికి చదువంతా ఆ గ్రీజులోనే దొరికింది.

మధ్యలో బస్సుల గొడవ ఒకటి ఉంది, అది చెప్పకుండా ఉండలేను. ఆక్స్‌ఫర్డ్‌లో అప్పటిదాకా గుర్రాలు లాగే ట్రాములే. 1913 డిసెంబరులో మోరిస్ మోటారు బస్సులు దింపాడు. నగర సభ లైసెన్సు ఇవ్వలేదు. లైసెన్సు లేకుండా బస్సులో టికెట్ డబ్బులు తీసుకుంటే నేరం. ఆయనేం చేశాడు? ఊళ్లో షాపుల్లో కూపన్లు అమ్మించాడు. జనం షాపులో కూపను కొనుక్కుని వచ్చి బస్సు ఎక్కేవాళ్లు. బస్సులో ఎవరూ డబ్బు ముట్టుకోరు, ఇంక నేరం ఏముంది? జనం ట్రాములు వదిలేసి బస్సులెక్కారు. కొన్ని వారాలకే నగర సభ దిగొచ్చింది. తర్వాత ఆ బస్సుల వ్యాపారం ఇంకో కంపెనీకి అప్పగించి ఆయన కార్ల పనిలో పడ్డాడు.

అప్పటికే సొంత కారు మొదలైపోయింది. 1912లో కంపెనీ పెట్టాడు. మాకిల్స్‌ఫీల్డ్ జమీందారు 4,000 పౌండ్లు పెట్టాడు. కారు ఎలా చేద్దామనుకున్నాడు? సరిగ్గా సైకిల్ చేసినట్టే. ఇంజను కోవెంట్రీలో వైట్ అండ్ పాప్ అనే కంపెనీ నుంచి. యాక్సిల్ ఒకరి దగ్గర, బాడీ ఒకరి దగ్గర, లైట్లు ఒకరి దగ్గర. తన చోట చేసేది బిగింపు మాత్రమే. ఆ రోజుల్లో పెద్ద పేరున్న కార్ల కంపెనీలు ప్రతి బోల్టూ మేమే చేస్తామని గొప్పగా చెప్పుకునేవి. మోరిస్‌ని చూసి ఇతను తయారీదారుడేంటి, బిగించేవాడు అన్నారు.

ఆ 1912 అక్టోబరులో లండన్‌లో మోటార్ షో. మోరిస్ కారు తయారు కాలేదు, ఇంజను ఇంకా చేతికి రాలేదు. ఆయన డ్రాయింగులు చుట్టగా చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లాడు. గోర్డన్ స్టూవర్ట్ అనే డీలరు ఆ కాగితాలు చూసి 400 కార్లకు ఆర్డరిచ్చి బయానా కూడా ఇచ్చాడు. కళ్లతో చూడని కారుకు! అది మోరిస్ మాట మీద నమ్మకం అనుకోవచ్చు. నాకు మాత్రం ఇంకోటి కూడా కనబడుతుంది. ఆ డ్రాయింగుల్లో ఉన్నవన్నీ అందరికీ తెలిసిన, మార్కెట్లో మంచి పేరున్న భాగాలే. స్టూవర్ట్ కార్లు అమ్మేవాడు కాబట్టి ఆ భాగాల నాణ్యత ఆయనకు తెలుసు. 1913 వసంతంలో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు బయటకొచ్చింది. ధర 200 పౌండ్ల లోపు. రేడియేటరు ముందు గుండ్రంగా ఉండేది, జనం బుల్‌నోస్ అని పిలుచుకున్నారు. కౌలీ అనే శివారులో పాతబడిన ఒక బడి భవనంలో బిగింపు జరిగేది. వాళ్ల నాన్న చిన్నప్పుడు చదువుకున్న బడే అది.

ఇప్పుడు లెక్కల సంగతి. మీలో సొంతంగా షెడ్డు పెట్టాలనుకునేవాళ్లు ఇది జాగ్రత్తగా వినండి. భాగాలు సప్లై చేసేవాళ్ల దగ్గర మోరిస్ సరుకు అరువుకు తెచ్చేవాడు. కార్లు కొనే డీలర్ల దగ్గర మాత్రం బయానా ముందు, మిగతాది కారు అప్పగించినప్పుడు రొక్కం. కారు బిగించడానికి పట్టేది కొద్ది రోజులే. అంటే సప్లయర్‌కు కట్టాల్సిన గడువు రాకముందే కారు డబ్బు చేతికొచ్చేసేది. బ్యాంకుల చుట్టూ తిరగక్కర్లేదు, వాటాదారుల ముఖం చూడక్కర్లేదు. కిరాణా కొట్టు శెట్టిగారికి ఈ లెక్క కొత్త కాదు. కార్ల పరిశ్రమలో మాత్రం అప్పట్లో కొత్తే. 1904 వేలంలో నేర్చుకున్న పాఠం ఇలా పనికొచ్చింది. ఎవరికీ వాటా ఇవ్వకుండా ఎదిగే దారి అది.

1914లో రెండుసార్లు అమెరికా వెళ్లాడు. వైట్ అండ్ పాప్ ఇంజను బాగుంటుంది గానీ ఖరీదెక్కువ. డెట్రాయిట్‌లో కాంటినెంటల్ అనే కంపెనీ అలాంటి ఇంజనే చాలా తక్కువకు ఇస్తానంది. వైట్ అండ్ పాప్‌లో డ్రాయింగులు గీసే లాండ్‌స్టాడ్ అనే నార్వే ఇంజనీరుని తనతో తీసుకెళ్లాడు. లాండ్‌స్టాడ్ కొన్నాళ్లు అక్కడే ఉండి అమెరికా ఫ్యాక్టరీ పద్ధతులు నేర్చుకొచ్చాడు. ఆ ఇంజనుతో 1915లో మోరిస్ కౌలీ మోడల్ వచ్చింది. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. కార్ల బదులు ఫ్యాక్టరీలో నౌకాదళానికి సముద్రపు మందుపాతర్ల సామాను చేశారు. యుద్ధం అయ్యాక కాంటినెంటల్ వాళ్లు ఆ ఇంజను ఆపేశారు. దాన్నే కోవెంట్రీలో హాచ్‌కిస్ అనే కంపెనీ చేత చేయించుకున్నాడు.

యుద్ధం తర్వాత ఏడాది రెండేళ్లు కార్లు ఎగబడి కొన్నారు. 1920 చివరికి గిరాకీ ఒక్కసారిగా పడిపోయింది. కౌలీలో కార్లు అమ్ముడుపోక వరసలు వరసలుగా నిలబడిపోయాయి. 1921 జనవరిలో మొత్తం అమ్మింది వంద కార్లు కూడా లేవు. బ్యాంకులో అప్పు పెరిగిపోతోంది. చుట్టూ ఉన్న కంపెనీలు ధరలు పెంచి నష్టం పూడ్చుకుందామని చూస్తున్నాయి. ఎంత టెన్షన్ పడి ఉంటాడో మీరే ఊహించండి. ఫిబ్రవరిలో మోరిస్ నాలుగు సీట్ల కౌలీ ధర 525 పౌండ్ల నుంచి 425కి దించేశాడు. ఒక్క దెబ్బకు 100 పౌండ్లు! ఆయన దగ్గరివాళ్లే వద్దన్నారు. కొన్ని వారాల్లో నిలిచిపోయిన కార్లన్నీ కదిలిపోయాయి. అదే ఏడాది చివర మళ్లీ తగ్గించాడు. 1920లో అమ్మినవి 2 వేల లోపు. 1921లో దేశమంతా దెబ్బతిన్న ఏడాదిలో 3 వేలు. 1923లో 20 వేలు. 1925లో 50 వేలు దాటాయి.

ఇది సాహసం అని రాస్తారు. నేను ఒప్పుకోను. ధర తగ్గితే ఎంతమంది కొనగలరో షాపులో కూర్చుని కొనేవాళ్ల ముఖాలు చూసినవాడికి తెలుస్తుంది. ఎన్ని ఎక్కువ చేస్తే సప్లయర్లు ఎంత తగ్గించి ఇస్తారో కూడా ఆయనకు తెలుసు. తగ్గించిన వంద పౌండ్లలో కొంత తన లాభం, కొంత వాళ్లను బతిమాలో బెదిరించో తగ్గించుకున్నది.

ఆ తర్వాత సప్లయర్లనే ఒక్కొక్కరినీ కొనేశాడు. ఇంజన్ల హాచ్‌కిస్, బాడీలు చేసే కంపెనీ, ఎస్‌యూ కార్బురేటర్లు. 1927లో దివాలా తీసిన ఉల్స్‌లీ కంపెనీని 7,30,000 పౌండ్లకు వేలంలో పాడుకున్నాడు, ఆస్టిన్ కంపెనీ పోటీకొచ్చినా వదల్లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో పాత గ్యారేజీ మేనేజరు సెసిల్ కింబర్ మోరిస్ కార్లకే వేరే బాడీలు కట్టి స్పోర్ట్స్ కార్లుగా అమ్మడం మొదలుపెట్టాడు. ఇవాళ మన రోడ్ల మీద తిరుగుతున్న ఎంజీ కార్లకు ఆ పేరు వచ్చింది ఆ మోరిస్ గ్యారేజెస్ నుంచే. ఇప్పుడు దాని యజమానులు వేరు, చైనా కంపెనీ చేతికి వెళ్లింది.

ఇక రెండో వైపు చూద్దాం. ఎవరికీ వాటా ఇవ్వనన్న ఆ పట్టుదల.

1930ల మొదట్లో కంపెనీ కాస్త వెనకబడింది. లెనార్డ్ లార్డ్ అనే మేనేజరు వచ్చి కౌలీ ఫ్యాక్టరీని తలకిందులు చేసినంత పని చేసి, మొత్తం మార్చి నిలబెట్టాడు. మోరిస్ ఎయిట్ అనే చిన్న కారు విపరీతంగా అమ్ముడైంది. లార్డ్ తన కష్టానికి లాభంలో వాటా అడిగాడు. మోరిస్ ఇవ్వలేదు. ఒకప్పుడు జీతం పెంచమంటే కుదరదన్న సైకిల్ షాపు యజమాని ఈయనకు గుర్తొచ్చాడో లేదో! 1936లో లార్డ్ వెళ్లిపోయాడు, కౌలీని ఇటుక ఇటుకా పీకేస్తానని శపథం చేసి మరీ. రెండేళ్లకు ఆస్టిన్‌లో చేరాడు. 1952లో ఆస్టిన్, మోరిస్ కంపెనీలు కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అయినప్పుడు మోరిస్ పేరుకు చైర్మన్. కొన్ని నెలల్లోనే తప్పుకోవాల్సి వచ్చింది. ఆ కుర్చీలో కూర్చున్నది లార్డే.

నిర్ణయాలన్నీ తన చేతిలోనే ఉండాలనేవాడు. కానీ ఏటా నెలల తరబడి ఓడెక్కి ఆస్ట్రేలియా వైపు వెళ్లిపోయేవాడు. ఫైళ్లు ఆయన కోసం ఎదురుచూసేవి. కార్మిక సంఘాలంటే గిట్టదు. 1934లో కౌలీలోని ప్రెస్డ్ స్టీల్ ఫ్యాక్టరీలో సమ్మె జరిగి కార్మికులు గెలిచినా, ఆయన మనసు మారలేదు. ఆస్వాల్డ్ మోస్లీ కొత్త పార్టీ పెట్టినప్పుడు 50,000 పౌండ్లు ఇచ్చాడు. ఆ మోస్లీ తర్వాత బ్రిటన్‌లో ఫాసిస్టుల నాయకుడయ్యాడు. మోరిస్ అంటే అభిమానం ఉన్నవాళ్లు ఈ మాట దాటేస్తారు. దాటెయ్యకూడదు. యుద్ధానికి ముందు స్పిట్‌ఫైర్ విమానాల ఫ్యాక్టరీ కట్టే పని నెత్తిన వేసుకున్నాడు. 1940 మే నాటికి అక్కడ విమానాలు బయటకు రాలేదు. ప్రభుత్వం ఆ ఫ్యాక్టరీని ఆయన చేతుల్లోంచి తీసేసుకుంది. కార్లలో పనిచేసిన పద్ధతి రోజుకో మార్పు వచ్చే యుద్ధ విమానానికి పనిచెయ్యలేదు.

1948లో వచ్చిన మోరిస్ మైనర్ సంగతి ఇంకా బాధ. అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరు అద్భుతంగా చేసిన చిన్న కారు అది. మోరిస్ దాన్ని చూసి పోచ్డ్ ఎగ్‌లా, అంటే నీళ్లలో పగలగొట్టి ఉడికించిన గుడ్డులా ఉందన్నాడు. ఆయనకు ససేమిరా నచ్చలేదు. ఆ కారు తర్వాత పది లక్షలకు పైగా అమ్ముడైంది. ధర తగ్గిస్తే జనం కొంటారని అందరికన్నా ముందు పసిగట్టిన కన్ను, ముప్పై ఏళ్లయ్యేసరికి తన ఎదురుగా ఉన్న మంచి కారును గుర్తుపట్టలేదు.

మనకు ఈ కథతో బాగా దగ్గరి చుట్టరికం ఉంది. బిర్లాలు 1942లో హిందుస్తాన్ మోటార్స్ పెట్టినప్పుడు చేతులు కలిపింది మోరిస్ కంపెనీతోనే. తొలి హిందుస్తాన్ 10 కారు మోరిస్ టెన్. తర్వాత వచ్చిన ల్యాండ్‌మాస్టర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఆ ఆక్స్‌ఫర్డ్‌లోనే మూడో సిరీస్ మన అంబాసిడర్. కౌలీలో ఆ మోడల్ 1959కే ఆగిపోయింది. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో మాత్రం 2014 దాకా నడిచింది. కలెక్టర్ గారి తెల్ల కారు, పెళ్లికొడుకు ఎక్కిన పూల కారు, ఏడుగురిని కుక్కి తీసుకెళ్లిన టాక్సీ, అన్నీ అదే. మా తరం మెకానిక్కులు అంబాసిడర్ మీదే చెయ్యి తిప్పుకున్నారు. బానెట్ లేపితే ఇంజను చుట్టూ చెయ్యి పట్టేంత ఖాళీ ఉండేది. ఏ పల్లెటూళ్లోనైనా బాగుచేసేవాడు దొరికేవాడు. రిపేరు చేసినవాడు పెట్టిన కంపెనీ కాబట్టే ఆ సౌలభ్యం అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆఖరుగా ఆయన డబ్బు ఏమైందో చెప్పి ముగిస్తాను.

మోరిస్ దంపతులకు పిల్లలు లేరు. రాజు బిరుదులిచ్చాడు, లార్డ్ నఫీల్డ్ అయ్యాడు. ఆయన ఉన్న ఇల్లు ఇప్పటికీ ఉంది, చూడనిస్తారు. పడకగదిలో బీరువా తలుపు తీస్తే లోపల పనిముట్లు, చెప్పులు కుట్టుకునే సామాను. దేశంలోకెల్లా పెద్ద ధనవంతుల్లో ఒకడైనా తన బూట్లు తనే బాగుచేసుకునేవాడు. అదే బీరువాలో సీసాలో భద్రపరిచిన ఆయన అపెండిక్స్ కూడా ఉంటుంది. సర్జన్ కావాలనుకున్న కుర్రాడు పెద్దయ్యాక కూడా ఎక్కడికీ పోలేదన్నమాట.

జీవితంలో మొత్తం 3 కోట్ల పౌండ్ల దాకా దానం చేశాడు. 1938లో పోలియో రోగులకు శ్వాస ఆడించే ఐరన్ లంగ్ యంత్రాలను కౌలీలోనే చేయించి, బ్రిటిష్ సామ్రాజ్యంలో ఏ ఆసుపత్రి అడిగినా ఉచితంగా ఇస్తానన్నాడు. 1,700కు పైగా పంచాడు. అంతకు రెండేళ్ల ముందు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వైద్య విభాగాలకు 20 లక్షల పౌండ్లు ఇచ్చాడు. మెడిసిన్‌కు, సర్జరీకి, ప్రసూతికి ప్రొఫెసర్లను పెడతామన్నారు. ఆయన మత్తు వైద్యానికి కూడా పెట్టమన్నాడు. అప్పట్లో మత్తు ఇవ్వడాన్ని పెద్దలు చదువుగానే లెక్కపెట్టేవాళ్లు కారు. విశ్వవిద్యాలయం వాళ్లు నసిగారు. అది లేకపోతే డబ్బే లేదన్నాడు. చిన్నప్పుడు మత్తు సరిగ్గా ఇవ్వక తను పడ్డ బాధ ఆయనకు గుర్తుంది. ఈ ఒక్క చోట ఆ మొండితనానికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

1937లో రాబర్ట్ మెకింతోష్ ఆ కుర్చీలో కూర్చున్నాడు, బ్రిటన్‌లో మొట్టమొదటి మత్తు వైద్య ప్రొఫెసరు. 1943లో ఆయన గొంతులోకి గొట్టం వెయ్యడానికి వీలుగా వంపు తిరిగిన బ్లేడు ఒకటి తయారుచేశాడు. పక్కనే ఉన్న నఫీల్డ్ మెడిసిన్ విభాగంలో భాగమైన జెన్నర్ ఇన్‌స్టిట్యూట్‌లో రూపొందిన కరోనా టీకానే మనం కోవిషీల్డ్ పేరుతో వేయించుకున్నాం. ఇక ఆ బ్లేడంటారా, మన ఊరి పెద్దాసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టరు గారిని అడగండి, మెకింతోష్ బ్లేడు అంటే ట్రేలోంచి తీసి చూపిస్తారు.

మీరు ఏమైనా అడగాలనుకుంటే అడగండి.